ప్లంబర్ బిల్లు ఎక్కువ వేశాడనిపిస్తే ఏం చేయాలి: పద్దు పద్దుగా తేల్చుకునే పద్ధతి

"గీజర్ బాగుచేయించి, వేడినీళ్ల లైను మార్పించాం. పదిహేను వేలకు దగ్గరగా రాసిచ్చాడు. అంత అవుతుందా అండీ?" చలి మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడుగుతూనే ఉంటారు. అసోసియేషన్ లెక్కలు చూసేది నేనే కాబట్టి బిల్లు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. బిల్లు అడుగున ఉన్న మొత్తం చూసి అంత అవుతుందో అవదో ఎవరూ చెప్పలేరు. దాన్ని పద్దు పద్దుగా విడగొట్టాలి. సరిగ్గా ఉన్న పద్దులకు ఆ రోజే డబ్బు ఇచ్చేయాలి. తేడాగా ఉన్న పద్దును మాత్రం కాగితం మీద పెట్టి ఆపాలి.

నాకు ఇది మా ఇంటి బిల్లుతోనే తెలిసొచ్చింది, అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. గీజర్ స్విచ్ వేస్తే ఎం.సి.బి. (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే రక్షణ స్విచ్) పడిపోతోంది, వేడినీళ్ల పైపు డక్ట్‌లో (పైపులు దిగే సందులో) కారుతోంది. చివరికి చీటీ మీద మూడే మూడు పద్దులు రాసిచ్చారు: మెటీరియల్ 7,200, గీజర్ రిపేర్ 3,600, లేబర్ 4,000. మొత్తం 14,800 రూపాయలు. అందులో సగం మోసమే అనుకున్నాను ఆ క్షణాన. నిజంగా తేడా ఎంతో కింద చూస్తారు.

దగ్గర పెట్టుకోవలసినవి

- బిల్లు లేదా చీటీ, రెండు వైపులా తీసిన ఫొటో
- ధర మాట్లాడుకున్న వాట్సాప్ మెసేజీలు. ఫోనులోనే మాట్లాడుకుంటే తేదీ, సమయం, ఏమన్నారో ఒక కాగితం మీద
- హార్డ్‌వేర్ షాపు బిల్లులు, సామాను వచ్చిన ఖాళీ డబ్బాలు
- తీసేసిన పాత సామాను అంతా (చెత్తలో వేయకండి, గోనెసంచిలో కట్టి పెట్టండి)
- గీజర్ వారంటీ కార్డు
- కొలత టేపు, నోటుపుస్తకం, ఫోను

1. గొడవ పడకుండా ఒక పూట గడువు అడగండి

గుమ్మంలో నిలబెట్టి "ఇంత దోపిడీయా" అన్నారంటే ఆ తర్వాత లెక్క అడిగే దారి మూసుకుపోతుంది. "మేస్త్రీ గారూ, సామాను ఒకసారి లెక్క చూసుకుని సాయంత్రం ఫోన్ చేస్తాను" అంటే చాలు. ఏ మేస్త్రీ అయినా కాదనడు.

వెంట హెల్పర్ వస్తే, ఆ రోజు కూలీకి సరిపడా కొంత అప్పటికప్పుడే ఇవ్వండి. మనకూ మేస్త్రీకీ మధ్య తేడా వస్తే ఆ కుర్రాడు పస్తుండకూడదు. ఇచ్చింది ఫోన్‌పే చేయండి, కింద "పాక్షిక చెల్లింపు" అని రాయండి. నగదు ఇస్తే చీటీ మీదే అంకె వేసి సంతకం తీసుకోండి.

అసలేమీ ఇవ్వకుండా పంపేయడం చాలామంది చేసే మొదటి తప్పు. ధర ముందుగా మాట్లాడుకోకపోయినా, ఒకరు ఊరికే చేస్తానని అనకుండా చేసిన పనిని మనం వాడుకున్నాక దానికి తగిన ప్రతిఫలం ఇచ్చి తీరాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెప్పేది ఇదే. మొత్తం బిల్లు ఎగ్గొడితే తప్పు మన వైపుకు వస్తుంది.

2. విడమరిచిన బిల్లు అడగండి

"మెటీరియల్ 7,200" అనేది లెక్క కాదు. ఏ సామాను, ఎన్ని, ఒక్కోటి ఎంత అని అడగండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద బిల్లు గానీ రశీదు గానీ ఇవ్వకపోవడమే అనుచిత వాణిజ్య పద్ధతి. సేవ అందించినవారి పేరు, చిరునామా, వరుస సంఖ్య, తేదీ, వినియోగదారు పేరు, ఏం చేశారో ఆ వివరం బిల్లులో ఉండాలి. మన ఊళ్లలో ఒక్కడే వచ్చి చేసిపోయే మేస్త్రీ దగ్గర అచ్చు బిల్లు పుస్తకం ఉండదు. ఫరవాలేదు, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టినా పనికొస్తుంది. రాయడం కష్టమంటే ఆయన చెబుతుంటే మీరే రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకోండి.

అడిగితే మా 7,200 ఇలా విడిపోయింది: సి.పి.వి.సి. పైపు (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) 4 లెంగ్తులు 1,800, ఫిట్టింగ్స్ (పైపులు కలిపే ముక్కలు) 2,300, యాంగిల్ కాక్‌లు (గోడ దగ్గర నీళ్లు కట్టే చిన్న వాల్వులు) రెండు 1,900, సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు), టెఫ్లాన్ టేపు, క్లాంపులు కలిపి 600, ఆటో 600. గీజర్ 3,600లో ఎలిమెంటు (నీళ్లు వేడిచేసే కడ్డీ) 1,900, థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక కరెంటు ఆపేది) 900, విప్పి బిగించినందుకు 800.

3. లేబర్ ఏ లెక్కన మాట్లాడుకున్నారో తేల్చుకోండి

ప్లంబింగ్‌లో కూలీ నాలుగు రకాలుగా నడుస్తుంది: రోజు కూలీ, గుత్త (మొత్తం పనికి ఒకే ధర), పాయింటు లెక్క (నీళ్లు వచ్చే ఒక్కో చోటుకు ఇంత అని), రన్నింగ్ ఫీటు లెక్క (అడుగు పైపుకు ఇంత అని). నేను చూసిన తగాదాల్లో సగానికి పైగా మోసం కాదు, ఈ లెక్కల గందరగోళమే. మీరు గుత్త అనుకుంటారు, ఆయన రోజు కూలీ అనుకుంటాడు. గుత్తకు ఒప్పుకుంటే రెండు రోజుల పని మూడు రోజులైనా ధర మారదు. రోజు కూలీ అయితే పని నెమ్మదిగా సాగిన నష్టం మీదే.

మధ్యలో మీరే పెంచిన పని కూడా నిజాయితీగా రాసుకోండి. "ఎలాగూ వచ్చారు కదా, ఆ వంటింటి ట్యాప్ కూడా చూడండి" అన్నది మీరేనా? దానికి వేరే కూలీ అడిగితే అది న్యాయమే. గోడలో లైను అయితే గాడి కొట్టడం, టైల్స్ పగలగొట్టడం, మళ్లీ పూడ్చడం ఎవరి ఖాతాలోదో చూడండి. పూడ్చే పని ప్లంబర్ లేబర్‌లో కలిసి ఉందని ముందే మాట్లాడుకుంటేనే కలిసి ఉన్నట్టు.

4. కొలవండి, లెక్కపెట్టండి

ఎక్కువ సేపు కూర్చోవలసింది ఈ దగ్గరే. ఒక గంట పడుతుంది.

*పైపు.* ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో టేపుతో కొలిచి అడుగుల్లో రాయండి. మా లైను 22 అడుగులు. బిల్లులో 4 లెంగ్తులు, అంటే 40 అడుగులు. ఇక్కడ తొందరపడకండి. ఈ పైపు 3 మీటర్ల లెంగ్తుల్లో, అంటే దాదాపు పది అడుగుల ముక్కల్లో వస్తుంది. 22 అడుగులకు రెండు చాలవు, మూడు కొనాల్సిందే. కాబట్టి మూడో దాంట్లో మిగిలిన ముక్క మోసం కాదు, ఆ ముక్క మీది, అడిగి తీసుకోండి. కనిపించనిది నాలుగో లెంగ్తు: తేడా 450.

*ఫిట్టింగ్స్.* ఎల్బో, టీ, కప్లర్ చవక, అక్కడ కుస్తీ పట్టకండి. ఖరీదైనవి ఇత్తడి మరలున్నవి: బ్రాస్ ఎల్బో, బ్రాస్ టీ, ఎం.టి.ఏ., ఎఫ్.టి.ఏ. (పైపును మరతో బిగించే అడాప్టర్లు, మర బయట ఉంటే ఎం.టి.ఏ., లోపల ఉంటే ఎఫ్.టి.ఏ.). వీటిని ఒక్కొక్కటీ వేలుపెట్టి లెక్కపెట్టి ఫొటో తీయండి. మా బిల్లులో ఎం.టి.ఏ.లు నాలుగు, లైనులో ఉన్నవి రెండు. ఒక్కోటి 300 చొప్పున తేడా 600. గోడ లోపలికి వెళ్లిపోయినవి లెక్కపెట్టలేం, అందుకే పూడ్చకముందే ఫొటో తీసుకోండి. ఆ అవకాశం దాటిపోతే షాపు బిల్లులో అంకెతో సరిపెట్టుకోక తప్పదు.

*డబ్బా మీది ధర.* యాంగిల్ కాక్, షవర్, ట్యాప్ లాంటి ప్యాకింగ్ సామానుకు డబ్బా మీద ఎం.ఆర్.పి. ఉంటుంది. దానికి మించి అమ్మడం చట్టవిరుద్ధం. మా డబ్బా మీద 780 ఉంది, బిల్లులో 950. రెంటికీ కలిపి తేడా 340. ఎం.ఆర్.పి. లోపలే వేస్తే మాత్రం తప్పు పట్టలేం. పైపుల మీద అచ్చువేసిన ధర కంటే షాపులో చాలా తగ్గించి ఇస్తారు, ఆ తగ్గింపు మేస్త్రీ ఉంచుకుంటాడు. అది మీకు నచ్చకపోతే వచ్చేసారి సామాను మీరే తెచ్చుకోండి. అయిపోయిన పనికి దాన్ని తగాదా చేయకండి, నిలబడదు.

*గీజర్ సామాను.* ముందు ఎం.సి.బి. దించండి. స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు. మూత మీరే విప్పకండి, ఎలక్ట్రీషియన్‌తో విప్పించి పక్కన నిలబడి చూడండి. వారంటీలో ఉన్న గీజర్ అయితే కంపెనీ మనిషి తప్ప ఎవరూ విప్పకూడదు. కొత్త ఎలిమెంటు వేస్తే దానితో పాటు రబ్బరు గ్యాస్కెట్ కొత్తది ఉంటుంది, నట్లు మెరుస్తుంటాయి. మా బోరు నీళ్లకు ఏడాదిలోనే ఎలిమెంటు మీద తెల్లగా ఉప్పు గడ్డకడుతుంది, అలాంటి గడ్డకట్టిన పాత ఎలిమెంటు మా సంచిలో ఉంది. కాబట్టి 1,900 సరే. పాత థర్మోస్టాట్ మాత్రం లేదు. లోపల చూస్తే ఉన్నది దుమ్ము పట్టిన పాతదే. తేడా 900.

పాత సామాను ఇవ్వమని అడిగితే కొందరు చిన్నబుచ్చుకుంటారు. పని మొదలుపెట్టే ముందే "పాతవన్నీ ఇక్కడే ఉంచండి" అంటే ఆ ఇబ్బంది ఉండదు.

5. జీఎస్టీ అని వేస్తే నంబర్ చూడండి

బిల్లులో పన్ను విడిగా వేశారంటే దాని మీద 15 అక్షరాల జీఎస్టీ నంబర్ ఉండాలి. తెలంగాణ నంబర్ 36తో, ఆంధ్రప్రదేశ్ నంబర్ 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబర్ కొట్టి, వచ్చిన పేరూ బిల్లు మీది పేరూ ఒకటేనా అని చూడొచ్చు. రిజిస్ట్రేషన్ లేనివారికి పన్ను వసూలు చేసే హక్కు లేదు. కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను తామే కట్టే పథకం) ఉన్నవారు కూడా బిల్లులో పన్ను విడిగా వేయకూడదు. నంబర్ లేకపోతే ఆ ఒక్క పద్దు తీసేయమనండి.

6. పని సరిగ్గా ఉందో లేదో పరీక్షించండి

ధర తగాదా వేరు, పని తగాదా వేరు. రెంటినీ కలిపి మాట్లాడితే రెండూ తేలవు.

కారడం చూడాలంటే, రాత్రి పడుకునే ముందు ట్యాపులన్నీ కట్టి ప్రతి జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టండి. తెల్లారి ఏది తడిసిందో ఫొటో తీయండి. సొల్యూషన్ డబ్బా మీద రాసిన ఆరే సమయం గడవకముందే నీళ్లు వదిలితే జాయింటు కారడం మేస్త్రీ తప్పు కాకపోవచ్చు, ఆ గంటలు ఆగండి.

గీజర్‌కు కరెంటు మీటరే సాక్షి. ఇంట్లో మిగతావన్నీ ఆపి, చల్లటి నీళ్లతో నిండిన గీజర్ ఒక్కటే వేయండి. 2,000 వాట్ల ఎలిమెంటు పావుగంటలో అర యూనిట్ తిప్పాలి. 25 లీటర్ల గీజర్ 25 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి సుమారు అరగంట, 15 లీటర్లదైతే దాదాపు 18 నిమిషాలు పడుతుంది. గంటైనా దీపం ఆరకుండా నీళ్లు సలసలా కాగుతుంటే థర్మోస్టాట్ పనిచేయడం లేదు. వెంటనే ఆపేయండి, అది ప్రమాదం.

లోపం కనిపిస్తే ముందు ఆయన్నే పిలిచి సరిచేయమనండి. ఒక అవకాశం ఇవ్వకుండా వేరే ప్లంబర్‌తో విప్పించేస్తే "వాడు చెడగొట్టాడు" అంటాడు, మీ దగ్గర రుజువు ఉండదు. నీళ్లు ఆగకుండా పోతుంటే మాత్రం ఆగలేం. అప్పుడు వీడియో తీసి, మెసేజ్ పెట్టి, తర్వాతే వేరేవాళ్లను పిలవండి.

7. బజారు ధర అడిగే తీరు

ముందు ధర మాట్లాడుకోనప్పుడే ఈ మెట్టు అవసరం. ఇద్దరు ప్లంబర్లకు ఫొటోలు, కొలతలు చూపించి "ఇంత పని చేస్తే ఎంత తీసుకుంటారు" అని అడగండి. మొదటాయన ఎంత వేశాడో చెప్పకండి. చెప్పారంటే, పని పోగొట్టుకున్నవాడు తప్పకుండా తక్కువే చెబుతాడు. జవాబు వాట్సాప్‌లో తీసుకోండి. రెండు ధరల కంటే మీ బిల్లు కాస్త ఎక్కువుంటే వదిలేయండి. రాత్రి పూట, పండగ పూట, పైప్ పగిలి ఇల్లంతా నీళ్లైన పూట వచ్చినవాడికి ఎక్కువ ఇవ్వడం న్యాయమని నేననుకుంటాను.

"బజారులో తక్కువ" అన్నంత మాత్రాన చట్టం మీ వైపు రాదు. మాట్లాడుకున్న ధరకు మించి, ఎం.ఆర్.పి.కి మించి, బోర్డు మీద పెట్టిన ధరకు మించి వసూలు చేశారా అన్నదే అక్కడి ప్రశ్న.

8. తేడా లెక్క రాసి, మిగతాది ఇచ్చేయండి

మా లేబర్ వాట్సాప్‌లో 3,500 అనుకున్నాం, వేసింది 4,000. అన్నీ కలిపితే: పైపు 450, ఎం.టి.ఏ.లు 600, యాంగిల్ కాక్‌లు 340, థర్మోస్టాట్ 900, లేబర్ 500. తేడా 2,790. ఇవ్వాల్సింది 12,010. సగం మోసం అనుకున్న నా ఊహ ఎంత తప్పో చూడండి. అదే ఊహతో గుమ్మంలో నోరు జారి ఉంటే న్యాయంగా రావలసిన 2,790 గురించి కూడా మాట్లాడే మొహం ఉండేది కాదు.

ఆ సాయంత్రమే 12,010 పంపి, ఈ మెసేజ్ పెట్టాను. అంకెలు మార్చి మీరూ వాడుకోవచ్చు:

"మేస్త్రీ గారూ, నమస్తే. మీరిచ్చిన 14,800 బిల్లులో 12,010 ఇప్పుడే పంపాను. మిగతా 2,790 ఆపాను, అది ఈ పద్దులది: నాలుగో లెంగ్తు పైపు కనిపించలేదు (450). ఎం.టి.ఏ.లు రెండే ఉన్నాయి (600). యాంగిల్ కాక్ డబ్బా మీద ధర 780 (340). థర్మోస్టాట్ పాతదే ఉంది (900). లేబర్ 3,500 అని మీ మెసేజ్ ఉంది (500). ఫొటోలు పెడుతున్నాను. మీ లెక్క వేరేగా ఉంటే చెప్పండి, లేదా ఆదివారం వచ్చి ఇద్దరం కలిసి చూద్దాం."

"మోసం", "దొంగ" అనే మాటలు రాయకండి. ఆయన పేరు, నంబరు పెట్టి కాలనీ గ్రూపులో వేయకండి. అది మీ మీద పరువునష్టం కేసుకు దారి, పైగా రాజీ అక్కడితో ఆగిపోతుంది. డబ్బు మొత్తం ముందే ఇచ్చేసినవాళ్లు కూడా ఈ మెసేజే పెట్టొచ్చు, "ఆపాను" బదులు "తిరిగి ఇవ్వండి" అని.

9. కూర్చుని మాట్లాడేటప్పుడు

పని జరిగిన చోటే మాట్లాడండి, పైపు కళ్ల ముందుంటే వాదన తగ్గుతుంది. ఇంట్లో ఇంకొకరిని ఉంచుకోండి. పెద్ద పద్దుతో కాక రుజువు గట్టిగా ఉన్న పద్దుతో మొదలుపెట్టండి. మా విషయంలో అది డబ్బా మీది ధర. అది ఒప్పుకున్నాక పైపు, ఎం.టి.ఏ.లు షాపు నుంచి తెచ్చి వాడకుండా తిరిగి ఇచ్చేసినవని ఆయనే అన్నాడు. థర్మోస్టాట్ పద్దు తీసేశాడు. లేబర్ దగ్గర మాత్రం ఆయనదే న్యాయం: పాత క్లాంపులు తుప్పుపట్టి ఊడక, డక్ట్‌లో వేలాడుతూ ఒక పూట అదనంగా చేశాడు. ఆ పూట నేను ఆఫీసులో ఉన్నాను, చూడలేదు. 500 ఇచ్చేశాను. మొత్తం 12,510తో తేలిపోయింది.

ఎవరైనా బెదిరిస్తే, బిగించిన సామాను పీక్కుపోతానంటే వాదించకండి. తలుపు వేసుకుని 112కు ఫోన్ చేయండి.

10. మాటతో తేలకపోతే

యాప్‌లో బుక్ చేసిన పని అయితే యాప్‌లోనే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. గీజర్ కంపెనీ మనిషి వేసిన బిల్లైతే జాబ్ షీట్ నంబర్‌తో కంపెనీకి రాయండి. ట్యాంకుకు ఒక వారంటీ, ఎలిమెంటుకు మరొకటి, మొత్తం గీజర్‌కు ఇంకొకటి ఉండటం మామూలు. వారంటీలో ఉన్న దానికే డబ్బు తీసుకున్నారేమో కార్డు చూడండి.

ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఇది కోర్టు కాదు, మధ్యవర్తిలా అవతలివారికి పంపి జవాబు తెప్పించే ప్రయత్నం చేస్తుంది. కంపెనీల మీద బాగా పనిచేస్తుంది, వీధి చివరి మేస్త్రీ మీద అంతగా కాదు.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. దానికి ముందు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి: ఏ పద్దు, ఎంత, 15 రోజుల్లో ఏం కోరుతున్నారు. 8వ మెట్టులోని మెసేజే దానికి నమూనా. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. తగాదా పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. కమిషన్ పంపే నోటీసు అవతలివారికి అందాక 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది కానీ, ఆ గడువులు దాటిపోవడం మామూలే. 2,790 కోసం నేనైతే కమిషన్ దాకా వెళ్లను. చెడ్డ జాయింటు వల్ల కింది ఫ్లాటు సీలింగు తడిసి, ఫాల్స్ సీలింగ్, వైరింగ్ పోతే తప్పకుండా వెళ్తాను.

తేలిపోయాక చేయాల్సినవి

చివరి డబ్బు ఇచ్చేటప్పుడు అదే బిల్లు మీద రెండు వాక్యాలు రాయించుకోండి: "మొత్తం అందింది, ఇక బాకీ లేదు." "జాయింట్లు ఇన్ని నెలల్లో కారితే కూలీ లేకుండా చేస్తాను." మేము ఆరు నెలలని రాసుకున్నాం. కింద ఇద్దరి సంతకాలు, తేదీ. ఆ కాగితం ఫొటో, వాడిన పైపు సైజు, గోడలో లైను ఎక్కడ వెళ్లిందో చూపే ఫొటో కలిపి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. నాలుగేళ్ల తర్వాత బాత్రూం గోడకు మేకు కొట్టాల్సి వచ్చినప్పుడు ఆ ఫొటోనే వెతుక్కుంటారు.